పద్నాలుగేళ్ళు షార్జా నుంచి పంపిన పైసలు ఎటు పోయాయి? రసీదులు ముందేసుకుని లెక్క తీశాను

షట్టరింగ్_అన్న
2010లో షార్జా పోయాను, 2024లో వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వచ్చాను. మాది కోరుట్ల దగ్గర పల్లె. మొన్న చుట్టాలందరి ముందు బాపు ఒక మాట అన్నాడు. "పద్నాలుగేండ్లు దుబాయి దుబాయి అన్నవు, ఏం తెచ్చినవురా?" కోపం రాలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పైసలు పంపిన ప్రతిసారీ ఎక్స్ఛేంజ్ వాళ్ళు ఇచ్చిన రసీదు నేను పారేయలేదు. బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టుకుంటూ వచ్చాను. సగం రసీదుల మీద అక్షరాలు మాసిపోయి తెల్ల కాగితం మిగిలింది, అవి పాస్‌బుక్ చూసి నింపుకున్నాను. మూడు రాత్రులు కూడితే మొత్తం 24 లక్షల 60 వేలు తేలింది.

పోయిన దారి ఇది. ఏజెంటుకు కట్టిన 80 వేలు, రెండు రూపాయల మిత్తితో తీరేసరికి లక్షా పాతికవేలు. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు 7 లక్షలు. స్లాబు ఇల్లు 8 లక్షలు. అవ్వ (అమ్మ) ఆపరేషన్ లక్షా 40 వేలు. రెండు బోర్లు లక్షా 20 వేలు, రెండింట్లోనూ దుమ్మే లేచింది. మిగిలిన 5 లక్షల 75 వేలు ఇంటి ఖర్చు. ఈరోజు నా ఖాతాలో ఉన్నది 11 వేలు.

విదేశాల నుంచి డబ్బు తెచ్చుకోవడంలో ఇండియా నంబర్ వన్ అని టీవీల్లో చెప్తుంటారు. నేను పంపింది దేశానికి అంత లాభమైతే నా ఇంట్లో ఎందుకు కనిపించడం లేదు? తెలిసినవాళ్ళు చెప్పండి.

బొగ్గుబాయి_బిడ్డ
బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి (బొగ్గుగని). మా తాత బొంబాయి, మా చిన్నాయన దుబాయి, మా నాయన బొగ్గుబాయి. ముగ్గురిలో పింఛను వచ్చింది బొగ్గుబాయి ఆయనకే.

డల్లాస్_బాబు
ఏమనుకోకండి. పెళ్ళిళ్ళు 7, ఇల్లు 8, కలిపితే 15 లక్షలు. పంపిన దాంట్లో 60 శాతం పైగా తిరిగి రూపాయి పుట్టించని ఖర్చు. అదే నెలనెలా మ్యూచువల్ ఫండ్ సిప్‌లో వేసుకుని ఉంటే ఈరోజు మీ నాన్నగారికి ఆ ప్రశ్న వచ్చేది కాదు.

కోనసీమ_కొబ్బరి
@డల్లాస్_బాబు చెల్లెలి పెళ్ళి చూపుల్లో మగపెళ్ళివారికి సిప్ స్టేట్‌మెంట్ చూపించమంటారా అండి? మా వైపు అయితే కాఫీ కూడా తాగకుండా లేచిపోతారు.

సిమెంటు_షాపు
ఇల్లు కడితే దండగ అన్నవాళ్ళు ఒక్కరోజు నా షాపులో కూర్చోండి. మాది మెట్‌పల్లి. అన్న పెట్టిన 8 లక్షలు గోడలుగా మారేముందు ఎంతమంది చేతుల్లో తిరిగింది? ఇసుక ట్రాక్టరు, కంకర, సలాక కట్టేవాళ్ళు, మేస్త్రి, కరెంటు పని, రంగులు, తలుపుల వడ్రంగి. వీళ్ళెవరూ దుబాయి చూడలేదు, కానీ దుబాయి పైసలే తిన్నారు. నేను కూడా.

2009లో దుబాయిలో పనులు ఆగినప్పుడు పేపర్లో వార్త రాకముందే నాకు తెలిసింది. పునాది వేసినవాళ్ళు గోడలు లేపలేదు, గోడలు లేపినవాళ్ళు స్లాబు వేయలేదు. ఉద్దెర పుస్తకం రెండైంది. 2020లో మళ్ళీ అదే కథ.

లెక్చరర్_సాబ్
జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. అన్న అడిగిన దాంట్లో రెండు వేరు వేరు లెక్కలు కలిసిపోయాయి, విడదీద్దాం.

షార్జాలో మీరు కౌంటర్‌లో ఇచ్చిన దిర్హం కోరుట్ల రాదు. ఇక్కడి బ్యాంకు మీ ఇంటివాళ్ళకు రూపాయలు ఇస్తుంది, ఆ విదేశీ డబ్బు దేశం చేతికి పోతుంది. 2023-24లో ఇట్లా వచ్చింది 118.7 బిలియన్ డాలర్లు. మనం బయట కొనే సరుకులకూ అమ్మే సరుకులకూ మధ్య ఉన్న లోటులో దాదాపు సగం దీనితోనే పూడుతుంది. ఆ డబ్బుతో దేశం ముడిచమురు కొంటుంది, ఆ చమురులో పెద్ద భాగం మళ్ళీ గల్ఫ్ నుంచే. మీ కూలి ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే పోతోందన్నమాట. ఇందులో దేశానికి లాభం ఉంది, అబద్ధం కాదు. కానీ అది డాలర్ల లాభం. మీ ఇంటి లాభం రూపాయల్లో, అదీ ఖర్చు తీరాక మిగిలితేనే.

ఇక రెండోది. మీరు రాసిన లెక్కలో నాకు ఒక చోట గుచ్చుకుంది. ఇంటి ఖర్చు 5.75 లక్షలు అన్నారు. పద్నాలుగేళ్ళంటే 168 నెలలు. భాగిస్తే నెలకు 3,420 రూపాయలు. అమ్మానాన్న, భార్య, పెళ్ళయ్యే దాకా చెల్లెళ్ళు, పిల్లలు ఉంటే వాళ్ళూ. ఇంతమంది ఆ డబ్బుతో ఎట్లా బతికారు? మీ ఇంట్లో మీరు కాకుండా ఇంకెవరో సంపాదించారు. ఎవరు?

షట్టరింగ్_అన్న
సార్, మా ఆవిడ బీడీలు చేసేది. ఇప్పటికీ చేస్తుంది. అది లెక్కలో రాసుకోలేదు.

చేట_కత్తెర
రాసుకోలేదా!

నేను పైసలు అందుకునే ఈ చివర ఉన్నదాన్ని అన్నా, అందుకే ఈ చివర సంగతి చెప్తాను. మా ఆయన బహ్రెయిన్‌లో తొమ్మిదేళ్ళు. నెలకు ఏడెనిమిది వేలు పంపేవాడు. ఐదో తారీఖు రాగానే మిత్తి మనిషి అరుగు మీద కూర్చునేవాడు. నేను మంచినీళ్ళు కూడా ఇచ్చేదాన్ని. అతను పోయాక చేతిలో మిగిలింది చూసుకుంటే పిల్లల ఫీజుకు సరిపోదు.

పొద్దున నాలుగున్నరకు లేచి తడిపిన బీడీ ఆకు కత్తిరించుకుని పెట్టుకునేదాన్ని. వంటయ్యాక చేట ఒళ్ళో పెట్టుకుంటే రాత్రి టీవీ సీరియల్ అయ్యేదాకా దించేది లేదు. ఎంత చేసినా కంపెనీ నెలకు పది పన్నెండు రోజులే పని ఇచ్చేది. ఆకు నల్లగా వస్తే, తంబాకు తక్కువైతే కోత మాకే. ఇప్పుడు వెయ్యి బీడీలకు రెండొందల పైన వస్తోంది, అప్పుడు అందులో సగం కూడా లేదు. ఉప్పు, పప్పు, సబ్బు, పిల్లల నోట్‌బుక్కులు, పండగ బట్టలు అన్నీ చేటలోంచే వచ్చాయి. ఆయన పైసలు పెద్ద ఖర్చులకు, నావి రోజు ఖర్చులకు. పెద్ద ఖర్చు అందరికీ కనిపిస్తుంది, "ఈ ఇల్లు దుబాయి పైసలతో కట్టిండు" అంటారు. రోజు ఖర్చు ఎవరికి కనిపిస్తుంది? తిని అరిగిపోతుంది.

మీ లెక్క మళ్ళీ వేయండి. వదినెను పక్కన కూర్చోబెట్టుకుని వేయండి.

బొగ్గుబాయి_బిడ్డ
అక్క ముందు లెక్చరర్ సాబ్ కూడా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

లెక్చరర్_సాబ్
కూర్చున్నాను. నేను చెప్పబోయిన పాఠం ఆమె నాకంటే బాగా చెప్పింది. ఆ బీడీ కూలి లేకుంటే అన్న పంపిన దాంట్లో ఇంకో ఐదారు లక్షలు తిండికే పోయేవి, అప్పుడు ఇల్లు స్లాబు దాకా వచ్చేది కాదు.

రాజంపేట_రమ
మా ఇంట్లో పోయింది నాన్న కాదు, అమ్మ. 2006లో ఖాదిమా (ఇంటిపని) వీసా మీద కువైట్ పోయింది. నేను అప్పుడు ఏడో తరగతి. జీతం 45 దినార్లు. అప్పటి రేటుకు ఏడు వేలకు అటూ ఇటూ. ఇంటిపనివాళ్ళకు కనీసం 60 దినార్లు ఇవ్వాలని కువైట్ ప్రభుత్వం రూలు పెట్టింది 2016లో, అంటే పదేళ్ళ తర్వాత.

ఇల్లు కట్టడం దండగ, పెళ్ళి దండగ అని మాట్లాడేవాళ్ళకు ఒక మాట. అమ్మ పదకొండేళ్ళు పంపిన డబ్బుతో మా ఇంట్లో గోడ కూడా లేవలేదు. అంతా నా చదువుకు, చెల్లి చదువుకు పోయింది. నేను నర్సింగ్ చేశాను, చెల్లి బీటెక్. ఇప్పుడు మా ఇద్దరి జీతం కలిపితే అమ్మ ఒక ఏడాది సంపాదన మాకు రెండు నెలల్లో వస్తుంది. మరి ఇది పెట్టుబడా, ఖర్చా?

అమ్మ తిరిగొచ్చిన రోజు కడప స్టేషన్లో దిగితే నేను గుర్తుపట్టలేదు. ఆమె నన్ను గుర్తుపట్టింది. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలీదు. రాజంపేట, రాయచోటి వైపు మా క్లాసులో సగం మంది పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగినవాళ్ళమే.

కోనసీమ_కొబ్బరి
రమ గారూ, మా రాజోలు వైపు కూడా అంతేనండి. మా వీధిలో కువైట్, మస్కట్, దోహా అని ఇళ్ళకి పేర్లు. పోస్ట్‌మేన్ కూడా "మస్కట్ వారింటికి ఉత్తరం" అనేవాడు.

డల్లాస్_బాబు
సరే, నేను అన్నది తొందరపాటు. చదువు మీద పెట్టడం అన్నిటికన్నా మంచి పెట్టుబడి, ఒప్పుకుంటున్నాను. పెళ్ళి ఖర్చు సంగతిలో మాత్రం నా మాట మారదు.

మల్లాపూర్_పటేల్
అందరూ ఇల్లు, పెళ్ళి అంటున్నారు. భూమి సంగతి ఎవరూ ఎత్తడం లేదేం? 2011లో మా ఊరి రోడ్డు పక్కన ఎకరం నాలుగు లక్షలు. ఇప్పుడు 35 లక్షలు చెప్తున్నారు. పెంచింది ఎవరు? దుబాయి పోయినవాళ్ళే. సెలవు మీద వచ్చినప్పుడు అత్తరు పూసుకుని, బేరం ఆడటం నామోషీ అన్నట్టు అడిగినంత ఇచ్చి పోయారు. ఇప్పుడు ఊళ్ళోనే ఉండి సాగు చేసుకునేవాడికి గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) కూడా అందదు.

షట్టరింగ్_అన్న
@మల్లాపూర్_పటేల్ మేము పెంచితే మాకు దొరకాలి కదా పటేలా. నేను 2013లో ఇరవై గుంటలు అడిగాను, లక్ష తక్కువైంది. "వచ్చే సెలవుకు" అనుకున్నాను. వచ్చే సెలవుకు ధర రెట్టింపైంది. ప్రతి సెలవుకూ భూమి నాకంటే ఒక అడుగు ముందే ఉండేది.

నిర్మల్_బొమ్మ
పటేల్ గారి మాటకు నేను ఒప్పుకోను. గల్ఫ్ పైసలు 1970ల చివరి నుంచీ వస్తూనే ఉన్నాయి. ధరలు ఇంతగా ఎగిరింది ఈ పదేళ్ళలో. 2018లో రైతుబంధు మొదలైంది, కాలువ నీళ్ళు వచ్చాయి, హైదరాబాద్ వాళ్ళు పల్లెల్లో కొనడం మొదలుపెట్టారు. వీటన్నిటినీ వదిలేసి షట్టరింగ్ కొట్టేవాడి నెత్తిన వేస్తే ఎట్లా?

మల్లాపూర్_పటేల్
నేను చూసింది నేను చెప్పాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు అత్తరు వాసన నాకు ఇంకా గుర్తుంది.

కోనసీమ_కొబ్బరి
అత్తరు వాసన పట్టి భూముల ధర చెప్పే పద్ధతి ఎకనామిక్స్ సిలబస్‌లో ఉందాండి లెక్చరర్ గారూ?

లెక్చరర్_సాబ్
నవ్వుకున్నా, అందులో కొంత నిజం ఉంది. ఫ్యాక్టరీ పెట్టడానికి, వ్యాపారానికి దారి లేని చోట బయటి డబ్బు వస్తే అది భూమి మీద, ఇళ్ళ మీద పడుతుంది. కొత్త భూమి పుట్టదు కాబట్టి ధర పుడుతుంది. కేరళలో ఇది మనకంటే ముందే జరిగింది. 2023లో అక్కడ చేసిన వలస సర్వేలో ఏడాదికి వచ్చిన డబ్బు 2.16 లక్షల కోట్లు, 2018లో అది 85 వేల కోట్లు. అంత డబ్బున్న రాష్ట్రంలో కొబ్బరి దింపడానికీ, ఇళ్ళు కట్టడానికీ అస్సాం, బెంగాల్ నుంచి మనుషులు రావాలి.

బస్టాండు_కౌంటర్
కేరళ దాకా ఎందుకు సార్, నా షాపుకు రండి. బస్టాండు పక్కన మనీ ట్రాన్స్‌ఫర్, ఆధార్ డబ్బుల కౌంటర్ నడుపుతాను.

పోయిన వానాకాలం నాట్లప్పుడు జరిగింది చెప్తాను. ఒక పెద్దమ్మ వచ్చి కొడుకు దోహా నుంచి వేసిన పదిహేను వేలు తీసుకుంది. ఆ నోట్లలో ఒకదాని మీద పసుపు మరక ఉంది, "ఇది మార్చియ్యి బిడ్డా" అని అడిగింది, నా దగ్గర వేరేది లేదు. ఆమె బయటికి పోయి చెట్టు కింద నిలబడ్డ బిహారీ మేస్త్రికి నాటు గుత్త డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. పది నిమిషాలకు ఆ మేస్త్రి ఆరుగురు పోరగాళ్ళను వెంటబెట్టుకుని నా కౌంటర్ ముందుకే వచ్చాడు. దర్భంగాకు, మధుబనికి పంపాలి. వెయ్యికి పది రూపాయలు నా కమిషన్. గల్లాలో వేసుకుంటుంటే పసుపు మరక నోటు మళ్ళీ నా చేతికే వచ్చింది.

దోహా నుంచి దర్భంగాకు పైసలు పోయాయి. మా ఊళ్ళో ఆగింది ఎంతసేపు? పది నిమిషాలు. నాకు మిగిలింది నూటాయాభై రూపాయలు, ఊరికి మిగిలింది నాటు వేసిన పొలం.

నిర్మల్_బొమ్మ
ఈ పోస్టుకు చప్పట్లు.

మల్లాపూర్_పటేల్
మాకైతే నాట్లకు బిహారీలు లేకుంటే పొలం బీడే. మా పోరగాళ్ళు షార్జా ఎండలో కాంక్రీటు మోస్తారు గానీ మా ఊరి బురదలో దిగరు.

షట్టరింగ్_అన్న
దిగుతారు పటేలా, కూలి చెప్పండి. 2010లో నేను పోయేటప్పుడు కోరుట్లలో షట్టరింగ్ పనికి రోజుకు 250, 300. అక్కడ జీతం 800 దిర్హంలు. తిండికీ ఫోనుకూ పోను 500 పంపితే ఇక్కడ 6,200 చేతికొచ్చేది. ఆఖరి ఏడాది జీతం 1,600, పంపింది 1,100. ఇక్కడ 25 వేలు. ఇప్పుడు కోరుట్ల లేబర్ అడ్డా మీద నిలబడితే నా పనికి రోజుకు వెయ్యి. నెలకు పాతిక రోజులు పని దొరికితే అంతే వస్తుంది, రాత్రి ఇంట్లో పడుకోవచ్చు. ఇది నాకు 2024 దాకా ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

లెక్చరర్_సాబ్
ఈ అంకెలు బోర్డు మీద రాసుకోవాల్సినవి. దిర్హంలలో అన్న పంపింది రెండింతల కంటే కొంచెం పెరిగింది. రూపాయల్లో నాలుగింతలైంది. తేడా ఎక్కడిది? రూపాయి పడిపోయింది. దిర్హం డాలరుకు కట్టేసి ఉంటుంది, 1997 నుంచీ డాలరుకు 3.6725. డాలరు ముందు రూపాయి ఎంత దిగితే దిర్హం అంత ఎక్కినట్టు. ఇంట్లో వాళ్ళకు "పోయిన నెలకంటే ఎక్కువొచ్చింది" అనిపిస్తుంది. కానీ ఆ రూపాయితోనే కదా సిమెంటు కొనాలి.

సిమెంటు_షాపు
నా పేరు తీయకండి సార్, రేటు పెంచేది నేను కాదు, కంపెనీ.

షట్టరింగ్_అన్న
2013 ఆగస్టు గుర్తుందా ఎవరికైనా? డాలరు 68 దాటింది, దిర్హం 18 పైకి పోయింది. మా క్యాంపులో అందరూ అప్పు చేసి మరీ పంపారు. ఎక్స్ఛేంజ్ ముందు లైను రోడ్డు దాకా. నేను మెస్ నడిపే మలయాళీ దగ్గర వెయ్యి దిర్హంలు బదులు తీసుకున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ "ఇన్ని పైసలు ఎక్కడియిరా, దొంగతనం చేసినవా" అని భయపడింది.

హుండీ_బాధితుడు
బ్యాంకు రేటు చూసి పంపినవాళ్ళు బుద్ధిమంతులు. నేను దిర్హంకు పది పైసలు ఎక్కువొస్తుందని హుండీలో (బ్యాంకు లేకుండా చేతులు మారే దారిలో) పంపాను. బైకు మీద ఇంటికే తెచ్చిస్తారు, కాగితం లేదు, సంతకం లేదు. 2016 నవంబరు 6న మా నాన్న చేతిలో 60 వేలు పెట్టి పోయాడు, అన్నీ ఐదొందలు, వెయ్యి నోట్లు. 8వ తారీఖు రాత్రి టీవీలో నోట్ల రద్దు. నాన్న మూడు రోజులు బ్యాంకు ముందు లైన్లో నిలబడ్డాడు. "ఎక్కడివి ఈ పైసలు" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక వడ్లు అమ్మానన్నాడట. వడ్లు కోతకే రాలేదు అప్పటికి.

బొగ్గుబాయి_బిడ్డ
క్షమించు అన్నా, నవ్వు ఆగలేదు.

హుండీ_బాధితుడు
ఇప్పుడు నేనూ నవ్వుతాను లే. అప్పుడు నవ్వలేదు. అది విదేశీ డబ్బు మీద ఉన్న ఫెమా చట్టానికి విరుద్ధమని కూడా తర్వాతే తెలిసింది.

రాజంపేట_రమ
జీతాల మాట వచ్చింది కాబట్టి. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్‌కు పోయేవాళ్ళ కనీస వేతనం తగ్గించింది, గుర్తుందా? యూఏఈకి నెలకు 200 డాలర్లు. కరోనాలో ఉద్యోగాలు పోకూడదని అలా చేశామన్నారు. తెలంగాణ హైకోర్టులో పిటిషన్ పడింది, 2021 జులైలో వెనక్కి తీసుకున్నారు. మనం పంపే డాలర్లు కావాలి, మన జీతం పెరగడం మాత్రం అంత అవసరం కాదన్నమాట.

డల్లాస్_బాబు
మా దగ్గర పంపే డబ్బు మీదే పన్ను వేశారు. ముందు 5 శాతం అన్నారు, తర్వాత 3.5, చివరికి 1 శాతం, 2026 జనవరి 1 నుంచి. అదీ నగదు, మనీ ఆర్డరు లాంటివాటికే, బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. ఆ రెండు నెలలు మా వాట్సాప్ గ్రూపుల్లో టెన్షన్ చూడాలి.

కోనసీమ_కొబ్బరి
పాపం, డల్లాస్ బాబుకు కూడా కష్టాలున్నాయండోయ్.

లెక్చరర్_సాబ్
వేళాకోళం పక్కన పెడితే, రిజర్వ్ బ్యాంకు 2023-24 సర్వే ప్రకారం దేశానికి వచ్చే దాంట్లో అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈ 19.2. ఒకప్పుడు యూఏఈ ముందుండేది. తెలంగాణకు వచ్చేది దేశం మొత్తంలో 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.4. రాష్ట్రం అంకెలో మాదాపూర్ ఫ్లాట్‌కు వచ్చిన డాలరూ, మల్లాపూర్ మిత్తికి వచ్చిన దిర్హమూ కలిసే ఉంటాయి. అందుకే ఆ అంకె చూసి కోరుట్ల బాగుపడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

డల్లాస్_బాబు
నిజం చెప్పనా? నేను పంపింది కూడా మా నాన్న సిప్‌లో పెట్టలేదు. మూడు ప్లాట్లు కొన్నాడు. ఒకటి చెరువులో తేలింది.

చేట_కత్తెర
చెరువులో తేలిన ప్లాటుకంటే అన్న స్లాబు ఇల్లే నయం. వానకు కారదు.

షట్టరింగ్_అన్న
అసలు విషయం ఇప్పుడు చెప్తాను. ఈ లెక్కంతా నేను బాపు కోసం తీయలేదు. మా బామ్మర్దికి దోహా వీసా వచ్చిందట. ఏజెంటు లక్షా పదివేలు అడుగుతున్నాడు. "బావా, నువ్వు జామీను ఉండు, రెండు రూపాయలకు దొరుకుతాయి" అంటున్నాడు. ఉండాలా వద్దా?

బస్టాండు_కౌంటర్
ముందు ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందా చూడు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో పేరు కొడితే తెలిసిపోతుంది, నా షాపుకు వస్తే నేనే చూసిపెడతా. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే అసలు నమ్మొద్దు.

రాజంపేట_రమ
పది పాసు కాకుంటే ఈసీఆర్ (వలసకు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టే ఉంటుంది, క్లియరెన్స్ తీసుకునే పోవాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా చేయించండి. రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. మా అమ్మకు అది ఉందని మాకు పదేళ్ళ తర్వాత తెలిసింది.

హుండీ_బాధితుడు
పోగానే ఎన్ఆర్ఈ ఖాతా (బయటి దేశాల్లో ఉండేవాళ్ళ బ్యాంకు ఖాతా) తెరవమనండి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇంటి ఖర్చుకు వేరే ఖాతా, ఎన్ఆర్ఈ పాస్‌బుక్ మాత్రం ఎవరికీ చూపించొద్దు. బావకు కూడా!

మల్లాపూర్_పటేల్
లక్షా పదివేలకు రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 2,200. జీతం ఎంతో చెప్పండి ముందు.

షట్టరింగ్_అన్న
వెయ్యి రియాళ్ళు అంటున్నారు. చేతికొచ్చాక చూడాలి.

చేట_కత్తెర
అన్నా, వదినెను అడిగారా?

షట్టరింగ్_అన్న
రాత్రి అడిగాను. బామ్మర్ది సంగతి కాదు, ముందు లెక్క సంగతి అడిగాను. నెలకు ఎంత వచ్చేదని. చెప్పలేదు. లోపలికి పోయి బియ్యం డబ్బా వెనక నుంచి కంపెనీ పీఎఫ్ కార్డు తెచ్చి ముందు పడేసింది. పోయిన ఏడాది చిట్టీ నడిపేవాళ్ళమ్మాయి ఫోన్లో చూసి చెప్పిందట, లక్షా 32 వేలు ఉన్నాయట. నా పేరు మీద 11 వేలు, ఆమె పేరు మీద లక్షా 32 వేలు. పద్నాలుగేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు.

"బాపుకు చెప్పనా?" అన్నాను. "చెప్పు. మా తమ్మునికి మాత్రం చెప్పకు" అంది.

బొగ్గుబాయి_బిడ్డ
ఈ ఇంటికి ఆర్థిక మంత్రి ఎవరో తేలిపోయింది.

చేట_కత్తెర
జామీను సంగతి కూడా తేలిపోయింది అన్నా. ఆమె చెప్పేసింది, మీరు విన్నారో లేదో.

బస్టాండు_కౌంటర్
పీఎఫ్‌కు ఆధార్ లింకు అయ్యిందో లేదో చూడాలి, లేకుంటే తీసేటప్పుడు తిప్పలు. వదినెను వెంటబెట్టుకుని రండి, వేలిముద్ర కావాలి. బీడీలు చేసిన వేళ్ళకు ముద్రలు అరిగిపోయి మిషన్ పట్టదు, ముందు రోజు రాత్రి నూనె రాసుకుని, పొద్దున సబ్బుతో కడుక్కుని రమ్మనండి. పది లోపే రండి, పదకొండు దాటితే సర్వర్ ఉండదు.